దీర్ఘం తప్పిన హాబీ

తమ ఉద్యోగులకు ఆత్మలున్నాయన్న సంగతి అవిశ్రాంత టెక్నాలజీస్ యాజమాన్యానికి ఒక సోమవారం పొద్దున తెలిసింది. అంతవరకూ ఐడీ కార్డులు మాత్రమే ఉన్నాయనుకున్నారు. ఎక్కడో ఏదో దేశంలో ఎవరో పరిశోధన చేసి, బొమ్మలు వేసే ప్రోగ్రామర్లూ వాయిద్యాలు వాయించే ప్రోగ్రామర్లూ మిగతావాళ్లకంటే తక్కువ తప్పులతో కోడు రాస్తారని తేల్చారట. ఆ వార్త ఎండీ గారి ఫోన్లో పడింది. ఎండీ గారి ఫోన్లో పడ్డ వార్త సాయంత్రానికి పాలసీ కాకుండా మిగిలిన రోజు ఆ కంపెనీ చరిత్రలో లేదు.

సాయంత్రం మెయిలు రానే వచ్చింది. "ప్రతి ప్రోగ్రామరూ నెలాఖరులోగా ఒక సృజనాత్మక హాబీ కలిగి ఉండవలెను. హాబీ కేవలం ఆత్మానందం కొరకు ఉద్దేశించబడినది. ఆత్మానందం పొందని వారిపై తగు చర్య తీసుకొనబడును." కింద చీఫ్ సృజన ఆఫీసర్ వాగ్దేవి గారి పేరు. ఆవిడ మొన్నటిదాకా అదే కంపెనీలో ఏసీలూ లిఫ్టులూ చూసుకునేది. గదులు చల్లబరచడం చేతనైన మనిషికి మనసులు చల్లబరచడం ఎంతసేపని ఆ పదవి ఇచ్చారు.

ఇక చూడండి సందడి. హైటెక్ సిటీ చుట్టుపక్కల ఫ్లూట్లు దొరకడం మానేశాయి. పుట్టి బుద్ధెరిగి కుంచె పట్టనివాళ్లు లంచ్ టైములో నెమళ్లు గీశారు. ఆ నెమళ్లలో కొన్నింటికి కాళ్లు లేవు. కాళ్లు రెండో విడతలో వస్తాయని కింద రాసుకున్నారు. టీము మేనేజరు కోదండపాణి గారు కుండలు చేయడం ఎంచుకున్నారు. ఆయన కుండ ఎటు పెట్టినా అటే ఒరిగిపోయేది. "ఇది డిజైనేనండీ, ఫ్లెక్సిబిలిటీ," అనేవారాయన. రోజూ పొద్దున్నే అందరూ గుండ్రంగా నిలబడి నిన్న కళలో ఏం సాధించారో, ఇవాళ ఏం సాధిస్తారో, ఆనందానికి ఎక్కడ అడ్డం తగిలిందో చెప్పాలి. అడ్డం తగిలినట్టు చెప్పినవాళ్లకి ఇంకో మీటింగు పెట్టేవారు.

ఈ గొడవంతటిలో నిశ్చింతగా ఉన్నవాడు ఒక్కడే, పైడిరాజు. సాలూరు వాడు. పదిహేనేళ్లుగా కోడు రాస్తున్నాడు. అతనికి హాబీ వెతుక్కోవలసిన అగత్యం లేదు, పుట్టుకతోనే ఉంది. అతను పాడుకుంటాడు. పాడడం కాదు, పాడుకోవడం. ఎవరైనా పాడమంటే చెమటలు పోస్తాయి. తనలో తను, కోడు చూసుకుంటూ, పెదాలు కూడా సరిగ్గా విప్పకుండా ఒక కూనిరాగం తీస్తాడు. వాళ్లమ్మ అరుగు మీద కూర్చుని అడ్డాకులు కుట్టి విస్తళ్లు చేస్తూ పాడుకున్న పాట అది. ఆవిడ పోయి ఆరేళ్లయింది. ఆవిడ ఫొటో ఒక్కటే ఉంది, అదీ రేషన్ కార్డుది, అందులో ఆవిడ ఆవిడలా ఉండదు. ఈ పాటలోనే ఉంటుంది. అందుకని పైడిరాజుకి ఆ కూనిరాగమంటే ప్రాణం. అది తీస్తూ కోడు చదువుతుంటే తప్పున్న చోట రాగం దానంతటదే తడబడేది. "రాజు గారు గొంతెత్తారంటే తప్పు దొరికినట్టే," అని కోదండపాణి గారు నలుగురిలో చెప్పేవారు.

హాబీలు నమోదు చేయడానికి ఒక పోర్టల్ పెట్టారు. మూలాలు ముఖ్యం కాబట్టి హాబీ పేరు మాతృభాషలోనే ఉండాలన్నారు. పోర్టల్‌కి తెలుగు రాదు కాబట్టి అక్షరాలు మాత్రం ఇంగ్లీషువే వాడాలన్నారు. ఈ రెండు నియమాలూ ఒకే వాక్యంలో ఉన్నా ఎవరికీ వింతగా తోచలేదు. పైడిరాజు కూడా రోజూ అమ్మానాన్నల్నీ అప్పుల్నీ పప్పుల్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేసే మనిషి. పైగా ప్రోగ్రామరు. ఒక్క అక్షరంతో పోయేదానికి రెండు అక్షరాలు ఖర్చు పెట్టడం ఆ వృత్తిలో పాపం. 'పాడుకోవడం'లో 'పా'కి రెండు ఏ-లు దండగనుకుని ఒక్కటే కొట్టి, బటన్ నొక్కి, టీ తాగడానికి వెళ్లాడు.

మర్నాడు ధ్రువపత్రం వచ్చింది, బంగారు అంచుతో, స్వచ్ఛమైన తెలుగులో. "శ్రీ పైడిరాజు గారిని పడుకోవడం అను కళ యందు నమోదిత కళాకారునిగా గుర్తించడమైనది."

ఫ్లోరంతా ఒకటే నవ్వు. కోదండపాణి గారు మాత్రం నవ్వలేదు. పత్రం రెండుసార్లు చదివి, పైడిరాజు చెయ్యి పట్టుకున్నారు. "ఇంత ధైర్యం నాకు లేకపోయిందండీ రాజు గారూ. నేను అనవసరంగా మట్టిలో దిగాను."

"అయ్యో, నాను రాసింది అది కాదు సార్," అన్నాడు పైడిరాజు. కంగారు పడితే అతని నోట సాలూరు వచ్చేస్తుంది. వెంటనే వాగ్దేవి గారి గదికి పరుగెత్తాడు.

ఆవిడ గదిలో మల్లెతీగ ఒకటి, ప్లాస్టిక్‌ది, ఏసీ గాలికి ఊగుతోంది.

"మేడమ్, చిన్న పొరపాటైందండి. నాది పడుకోవడం కాదండి. పాడుకోవడం. పా. దీర్ఘం ఉండాలండి."

"రాజు గారూ, కూర్చోండి. మీరెందుకు అంత డిఫెన్సివ్ అయిపోతున్నారు?" అంది వాగ్దేవి చిరునవ్వుతో. "నిన్నటి రివ్యూలో ఎండీ గారు మీ పేరు స్వయంగా చదివారు తెలుసా? సింగింగ్ విభాగం ఫుల్ అయిపోయింది. పాడేవాళ్లు ఎక్కువ, వినేవాళ్లు ఎవరూ రిజిస్టర్ కాలేదు. అలాంటి టైములో ఒక ఉద్యోగి నిద్రని కళగా క్లెయిమ్ చేశాడంటే అదీ అసలు ఇన్నోవేషన్ అన్నారు సార్."

"కానీ నాను క్లెయిమ్ చెయ్యలేదండి."

"అదే వినయం. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు పెద్దలు. అక్కడే పెద్ద గ్యాప్ ఉంది. మన కంపెనీలో నిద్ర సుఖం ఎరగాలి. ఎరిగి రిపోర్టు కూడా చెయ్యాలి. అయినా మీకేదైనా కరెక్షన్ కావాలంటే టికెట్ పెట్టండి. నేను ప్రాసెస్‌కి అతీతురాలిని కాదు."

పైడిరాజు సీటుకి వచ్చి టికెట్ పెట్టాడు. ప్రోగ్రామరు కాబట్టి సమస్యని సూటిగా, పొట్టిగా రాశాడు: "నా హాబీలో దీర్ఘం లేదు. దయచేసి దీర్ఘం చేర్చగలరు."

గంటలోపే జవాబు వచ్చింది. "మీ అభ్యర్థన పరిష్కరించబడినది. మా సేవలకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" దానితోపాటు కొత్త ధ్రువపత్రం. అందులో హాబీ పేరు: దీర్ఘ నిద్ర.

కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. పత్రం చుట్ట చుట్టుకుని ఇంటికి వెళ్తే భార్య నూకరత్నం అందుకుని చదివి, కెవ్వుమంది.

"దీర్ఘ నిద్రేటండీ? ఆళ్ల నోట్లో మన్నెయ్య! బతికున్న మనిషికి ఎవరైనా ఇలాగ రాస్తారా? రండి, ఇటు నిలబడండి," అని గుప్పెడు ఉప్పూ మిరపకాయలూ తెచ్చి దిష్టి తీసి, పొయ్యిలో వేసింది. పొయ్యి అంటే గ్యాస్ స్టవ్వే. ఆ ఘాటుకి అపార్ట్‌మెంటంతా దగ్గింది.

"పోన్లే రత్నం. రెండు నెల్లు పోతే ఇంకో పిచ్చి పడతారు, దీన్ని మర్చిపోతారు," అన్నాడు పైడిరాజు.

ఆ మాట అనే హక్కు అతనికుంది. అంతకుముందు ఏడాది అందరూ కుర్చీలు మాని బంతుల మీద కూర్చుని పని చెయ్యాలన్నారు. ఆ బంతులిప్పుడు ఏవీ? కానీ ఈ పిచ్చి మర్చిపోయే రకం కాదు. వారం తిరిగేసరికి ఫ్లోరు మధ్యలో ఒక అద్దాల గది లేచింది. 'శయన కళా ఉత్కృష్టతా కేంద్రం' అని బోర్డు. లోపల ఒక మంచం, కంపెనీ ముద్ర వేసిన దుప్పటి, చుట్టూ కుర్చీలు. మంగళ, శుక్రవారాల్లో మధ్యాహ్నం పైడిరాజు అక్కడ పడుకుని నిద్రపోవాలి, సమీక్షా మండలి చూడాలి.

ఎవరి నిద్ర వాళ్లు పోతారు, దానికి ఎదురుగా ముగ్గురు మనుషులు పెన్నులు పట్టుకుని కూర్చుంటే ఎలా వస్తుంది? పైగా లైట్లు. పైడిరాజు కళ్లు మూసుకుని, ఊపిరి బరువుగా తీస్తూ, మధ్యమధ్య గురకలాంటిది పెట్టాడు. నిద్ర నటించేవాడిని లేపలేరంటారు. మండలి వారికి లేపే ఉద్దేశం ఎలాగూ లేదు. వాళ్లు కోడుని సమీక్షించినట్టే నిద్రని సమీక్షించారు. "కళాకారుడు పదే పదే ఒత్తిగిలుతున్నాడు, దీన్ని ఒక లూప్‌లో పెట్టవచ్చు." "గురకలో స్వకీయత లేదు. ఇది మా నాన్నగారి గురకే." "నోరు తెరవడం బాగుంది కానీ ఎందుకు తెరిచారో వివరణ రాయలేదు."

ఆ వివరణ రాయడానికి పైడిరాజు ఆఫీసులో ఇంకో రెండు గంటలు మేలుకోవలసి వచ్చింది.

ఇంత జరిగినా అతను మరీ అంత బాధపడలేదు. నిద్ర నటిస్తే సరిపోతుంది, జీతం తీసుకునేవాడికి నటన కొత్తేమీ కాదు. అసలు బాధ ఒక బుధవారం మొదలైంది. సీట్లో కూర్చుని, ఎప్పటిలాగే కూనిరాగం తీస్తూ కోడు చూసుకుంటున్నాడు. భుజం మీద చెయ్యి పడింది. తిరిగి చూస్తే కోదండపాణి గారు, ముఖం పాలిపోయి.

"రాజు గారూ, ఆపండి. ఆపండి మహానుభావా. మీ మీద కంప్లయింట్ వచ్చింది."

"దేనికి సార్?"

"మీరు నిద్రకి రిజిస్టరయ్యారు. ఇక్కడ సంగీతం చేస్తున్నారు. డిక్లేర్ చెయ్యని రెండో హాబీ. అంటే మూన్‌లైటింగ్!"

ఒక కంపెనీలో జీతం తీసుకుంటూ చాటుగా ఇంకో కంపెనీకి పనిచేసే దొంగల్ని పట్టడానికి అవిశ్రాంత వారికి ఒక విభాగం ఉంది. పని తక్కువై వాళ్లు ఈగలు తోలుకుంటుంటే, వాగ్దేవి గారు హాబీలు కూడా వాళ్లకే అప్పగించింది. ఒక ఉద్యోగి, ఒక హాబీ, ఒక ఆనందం. రెండో ఆనందం ఎక్కడ పొందినా మొదటి ఆనందానికి ద్రోహమే. లిఫ్టులో, క్యాంటీన్లో, చేతులు కడుక్కునే చోట పైడిరాజు పెదాలు కదిలిన దృశ్యాలు కెమెరాల్లోంచి తీసి ఒక వీడియో చేసి పంపారు. దానికి వెనకాల నేపథ్య సంగీతం కూడా పెట్టారు. ఆ పని చేసినవాడి హాబీ వీడియో ఎడిటింగు.

"ఇంకొక్కసారి దొరికితే ఉద్యోగం పోతుందండీ," అన్నారు కోదండపాణి గారు గొంతు తగ్గించి. "పైగా అప్రైజల్లో 'ఆత్మ విషయంలో అవకతవకలు' అని రాస్తారు. ఆ ముద్ర పడితే ఇంకెవరూ తీసుకోరు."

పైడిరాజు మానేశాడు. మానేశానని అనుకున్నాడు గానీ, మానెయ్యడం సిగరెట్టు మానేసినంత తేలిక కాదని తెలిసింది. రాగం గొంతు దాకా వచ్చేది, కెమెరా గుర్తొచ్చి మింగేసేవాడు. మింగి మింగి కడుపు ఉబ్బరం చేసినట్టుండేది. క్రమంగా రావడమే తగ్గిపోయింది. ఇంట్లో స్నానాల గదిలో ప్రయత్నిస్తే మొదటి ముక్క వచ్చి, రెండో ముక్క దగ్గర ఆగిపోయింది. వాళ్లమ్మ ముఖం కూడా అక్కడే ఆగిపోయింది. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. అతనికి ఏడుపొచ్చింది.

అదే సమయంలో అతని కోడు చెడింది. తప్పున్న చోట తడబడ్డానికి రాగమే లేదాయె. పెళ్లి సంబంధాలు కుదిర్చే ఒక సంస్థకి అతను రాసిన ప్రోగ్రాము, ప్రతి వరుడికీ ఆ వరుడి ఫొటోనే చూపించి ఇంతకన్నా తగిన సంబంధం మీకు లేదని చెప్పింది. చిత్రమేమిటంటే చాలామంది వరులు ఒప్పుకున్నారు. ఆ సంస్థ వాళ్లు మాత్రం ఒప్పుకోలేదు.

రాత్రిళ్లు నిద్ర కూడా పోయింది. ఇదివరకు మంచం మీద వాలి ఆ పాట సగం పాడుకునేసరికి కన్ను మూతపడేది. ఇప్పుడు పాట లేదు, కన్ను మూతపడదు. నిద్రా కళాకారుడికి నిద్ర లేకుండా చేసిన ఘనత చరిత్రలో ఒక్క అవిశ్రాంత వారికే దక్కింది. "ఏటండీ, కళ్లు గుంటలడిపోనాయి. అన్నం తినరు, పడుకోరు. ఆ ఉజ్జోగం వొదిలీసి వొచ్చియ్యండి, గంజి తాగి బతుకుదాం," అనేది నూకరత్నం. గంజి మాట బాగానే ఉంటుంది గానీ ఫ్లాటు లోను వాళ్లు గంజి తీసుకోరు.

ఇలా ఉండగా వార్షిక కళోత్సవం ప్రకటించారు. పెద్ద హాలు, ఎండీ గారు, విదేశీ క్లయింట్లు, కంపెనీ మొత్తం. చివరి అంశం, ప్రధాన ఆకర్షణ, పైడిరాజు గారి దీర్ఘ నిద్ర. ఈసారి నటన కుదరదు. తలకి తీగలున్న టోపీ పెడతారు, నిజంగా నిద్రపోతే తెరమీద ఆకుపచ్చ గీత వస్తుంది, లేకపోతే ఎర్రది.

"ఆకుపచ్చ రాకపోతేనో మేడమ్?" అని అడిగాడు పైడిరాజు.

"ఫాల్స్ డిక్లరేషన్ అవుతుంది రాజు గారూ. టెర్మినేషన్ తప్ప పాలసీలో ఇంకో కాలమ్ లేదు. బట్ డోంట్ వర్రీ. ఒత్తిడి తీసుకోకండి. ఒత్తిడి తీసుకుంటే నిద్ర రాదు," అని ఆప్యాయంగా చెప్పింది వాగ్దేవి.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిద్ర పోకపోతే ఉద్యోగం పోతుంది. నిద్ర పోవాలంటే పాడుకోవాలి. పాడుకుంటే ఉద్యోగం పోతుంది.

ఉత్సవం పొద్దున తొమ్మిదింటికి మొదలైంది. ఫ్లూట్లు ముందు వచ్చాయి. ఒకటి కాదు రెండు కాదు, డిపార్ట్‌మెంటు తర్వాత డిపార్ట్‌మెంటు, అన్నీ ఫ్లూట్లే. తర్వాత కాళ్లు లేని నెమళ్లని తెరమీద ఒక్కొక్కటిగా చూపించారు. కోదండపాణి గారు తన కుండని వేదిక మీద పెట్టారు. అది దొర్లుకుంటూ వెళ్లి ముఖ్య అతిథి ఒళ్లో పడింది. ఇంటరాక్టివ్ ఆర్ట్ అని ఆ అతిథి మెచ్చుకున్నారు. మధ్యాహ్నం గుత్తివంకాయ, పులిహోర, బొబ్బట్లు, గడ్డపెరుగుతో పెళ్లిభోజనం పెట్టారు. తిన్నవాళ్లందర్నీ తిరిగి ఆ చల్లటి హాల్లోకి తోలి, లైట్లు తగ్గించి, పైడిరాజుని వేదిక ఎక్కించారు.

మంచం మీద పడుకున్నాడు. టోపీ పెట్టారు. గురక అందరికీ వినబడాలని కాలర్‌కి మైకు తగిలించారు. తెర మీద ఎర్ర గీత వెలిగింది. హాలంతా ఆ గీత వైపే చూస్తోంది. పైడిరాజు కళ్లు మూసుకుంటే లోను, రత్నం, వాగ్దేవి, రేషన్ కార్డు ఫొటో, అన్నీ ఒకదాని మీద ఒకటి తిరిగాయి. గీత ఇంకా ఎర్రబడింది. మొదటి వరసలో మూన్‌లైటింగ్ విభాగం వాళ్లు సర్దుకుని కూర్చున్నారు.

ఎలాగూ పోయే ఉద్యోగమే అనుకున్నాడు. రోట్లో తలపెట్టాక రోకటిపోటుకి వెరవడం ఎందుకు? దుప్పటి ముఖం మీదికి లాక్కుని, కాలర్‌కి మైకున్న సంగతి మరిచిపోయి, లోపల్లోపల మొదలుపెట్టాడు.

"ఆకు మీన ఆకు పెట్టె, పుల్ల తోటి ముడి పెట్టె,
కొండ మీన మబ్బు పెట్టె, ఇంటికెల్లిపోదుమా..."

నెలల తరబడి లోపల ఇరుక్కున్న పాట. మొదట గరగరమంది, తర్వాత దారి దొరికి పారింది. పెద్ద గొంతు కాదు, తీపి గొంతూ కాదు. ఆకు మీద ఆకు పెట్టినంత నెమ్మదిగా, తొందరేమీ లేని మనిషి పాట. అది హాల్లోని స్పీకర్లన్నిటిలోంచీ వచ్చింది. బొబ్బట్లు తిన్న సభ మీద సాయంత్రపు గాలిలా వాలింది. ముందు క్లయింట్లు ఒరిగారు. తర్వాత సమీక్షా మండలి పెన్నులు జారాయి. ఎండీ గారి తల ముఖ్య అతిథి భుజం మీద పడింది, ముఖ్య అతిథి చేతులు కుండ చుట్టూ పడ్డాయి. మూన్‌లైటింగ్ విభాగం మొత్తంగా, ఒకరి మీద ఒకరు, నోళ్లు తెరిచి నిద్రపోయింది.

ఆ రెండు ముక్కలే తిప్పి తిప్పి పాడుకుని పైడిరాజు దుప్పటి తీసి చూస్తే, అంత పెద్ద హాల్లో మెలకువగా ఉన్నది తనూ, ఆ ఎర్ర గీతా.

అతనికి ఎంత హాయిగా ఉందంటే, ఉద్యోగం పోయిన సంగతి కూడా కాసేపు తట్టలేదు.

కానీ పోలేదు. పోతే బాగుండేదేమో. మూడో రోజున విచారణ గదికి పిలిచారు. వాగ్దేవి గారి పక్కన లీగల్ విభాగం పెద్దాయన ఉన్నాడు, ఎదుట ఉత్సవం రోజు రికార్డయిన టేపు పెట్టుకుని.

"అభినందనలు రాజు గారూ," అంది వాగ్దేవి. "మీరు నిద్రపోకపోవడం ఒక లోపమే. బట్, ఎండీ గారికి పదకొండేళ్ల తర్వాత నిద్ర పట్టింది. సార్ చాలా ఎమోషనల్ అయ్యారు. అందుచేత మీ మీద చర్యలన్నీ డ్రాప్ చేశాం. ఆ ట్యూన్‌ని కంపెనీ తరఫున రిజిస్టర్ చేస్తున్నాం."

"రిజిస్టరేటండి? అది మా అమ్మ పాటండి."

లీగల్ పెద్దాయన కళ్లద్దాలు సర్దుకున్నాడు. "భావోద్వేగాలు పక్కన పెడదాం. సదరు కూనిరాగం కంపెనీ మంచం మీద, కంపెనీ దుప్పటి కింద, కంపెనీ మైకులో, పని వేళల్లో ఉత్పన్నమైంది. కావున అది కంపెనీ ఆస్తి. మీ అమ్మగారు ఆ పాటను ఎక్కడైనా డిక్లేర్ చేసి ఉన్నారా?"

"ఆకులు కుట్టుకుంటా పాడుకునేదండి. ఎవరికి డిక్లేర్ చేస్తాదండి?"

"చెయ్యలేదని నమోదు చేసుకోండి," అన్నాడాయన పక్కకి తిరిగి. "ఇకమీదట తమరు ఆ రాగాన్ని అనుమతి లేకుండా ఎక్కడ పలికినా, గృహంలో సహా, ఉల్లంఘన కిందికి వస్తుంది. గృహ వినియోగానికి మినహాయింపు కావాలంటే హెల్ప్‌లైన్ ఉంది. ఫోన్ చేసి అడగవచ్చు. కరుణ ప్రాతిపదికన పరిశీలిస్తారు."

పైడిరాజు లేచి బయటికి వచ్చాడు. ఇంతకాలం ఆ పాట ఒక్కటే తనదనుకున్నాడు. ఫ్లాటు బ్యాంకుది, సమయం కంపెనీది, పాట తనది. ఇప్పుడు అమ్మని గుర్తు చేసుకోవాలన్నా పైనుంచి అనుమతి రావాలి.

ఇంటికొచ్చి రత్నానికి చెప్పాడు. ఆవిడ విని, కూర తరుగుతున్న కత్తిపీట పక్కన పెట్టి, ఈసారి దిష్టి తియ్యలేదు. "మా అత్త పాటకి ఆళ్ల పర్మిషనేటండీ?" అంది. ఆ గొంతులో కోపం కంటే దుఃఖమే ఎక్కువ వినిపించింది. "సరే చెయ్యండి ఫోను. అడగండి. ఏటంటారో నాను కూడా వింటాను."

ఫోను స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచాడు. "అవిశ్రాంత హెల్ప్‌లైన్‌కు స్వాగతం. మా ప్రతినిధులందరూ ఇతర ఉద్యోగులతో మాట్లాడుచున్నారు. మీ కాల్ మాకు ముఖ్యం. నాణ్యత కొరకు ఈ కాల్ రికార్డు చేయబడుచున్నది. దయచేసి వేచి ఉండండి."

తర్వాత సంగీతం వచ్చింది.

ఆకు మీన ఆకు పెట్టె, పుల్ల తోటి ముడి పెట్టె. అతని గొంతే. వేచి ఉండేవాళ్లకి విసుగు రాకుండా ఉంటుందని దాన్నే పెట్టారు. వెనకాల ఫ్లూటు కూడా కలిపారు, ఆ ఫ్లూటు శ్రుతిలో లేదు. రత్నం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పైడిరాజు ఫోను వైపే చూస్తూ కూర్చున్నాడు. తన పాట తనకి వినిపించి, తన పాట పాడుకోవచ్చా అని అడగడానికి తననే ఆగమంటున్నారు.

ఒకసారి అయిపోయింది. మళ్లీ మొదలైంది. రెండోసారి సగానికి వచ్చేసరికి అతని పెదాలు కదిలాయి. తెలియకుండానే ఫోనులోని గొంతుతో ఈ గొంతు కలిసింది. ఫోనులోది మైకులో ఇరుక్కున్న గొంతు. ఇది ఇంట్లో, కూర వాసన మధ్య, పెళ్లాం ఎదుట తీస్తున్న గొంతు. కాసేపటికి ఇదే పెద్దదైంది. ఫోనులోని పాట రెండు ముక్కల తర్వాత ఆగి మొదటికొస్తుంది, కంపెనీ దగ్గర ఉన్నది అంతే. పైడిరాజు ఆగలేదు. వాళ్లమ్మ ఆ తర్వాత పాడుకునే చరణాలు ఒక్కొక్కటీ వచ్చాయి, మరిచిపోయాననుకున్నవి కూడా. విస్తరి అంచు తిప్పే చోట ఆవిడ గొంతు ఎలా తగ్గేదో, ఎండ అరుగు దిగేటప్పుడు ఎలా లేచేదో, అంతా వచ్చింది. అతని కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"రికార్డవుతాదటండీ..." అంది రత్నం మెల్లగా, భయంగా. అతను తల ఊపాడు. ఆపలేదు.

టక్కున సంగీతం తెగింది. "హలో, నమస్కారం, హెల్ప్‌లైన్. ఏ విషయమై అనుమతి కోరుచున్నారో చెప్పండి? హలో? సార్, లైన్లో ఉన్నారా?"

"ఉన్నాను మేడమ్," అన్నాడు పైడిరాజు. "కొంచెం ఆగండి. ఈ చరణం అవనీండి."